కంపెనీ మూతపడ్డా బెల్టు దొరుకుతది

నాట్ల టైముల ట్రాక్టర్ ఆగితే ఇంటిల్లిపాది ఎట్ల పరేషాన్ అయితరో ఊర్ల పుట్టినోళ్లకు చెప్పే పని లేదు. మడిల నీళ్లు పెట్టి ఉంటయి. నారు ముదురుతుంటది. రేపు పొద్దుగాలనే రమ్మని కూలోళ్లకు మాటిచ్చి ఉంటం. సరిగ్గ గప్పుడే, కేజ్ వీల్స్ ఏసుకొని కరిగెట దున్నుతున్న బండి ముంగటి నుంచి రబ్బరు కాలిన వాసనొస్తది. టప్పుమని ఒక సప్పుడు. మీటర్ కాడ ఎర్రలైటు ఎలుగుతది. ఇంజన్ మాత్రం ఆగది, ఏం కానట్టే నడుస్తుంటది.

మోసం గీడనే ఉన్నది. ఫ్యాన్ బెల్టు తెగినంక గూడ పాత డీజిల్ ఇంజన్ మంచిగనే తిరుగుతది. దాని డీజిల్ పంపు గేర్ల మీద నడుస్తది, ఒక్కసారి స్టార్ట్ అయినంక కరెంటు తోటి దానికి పనే లేదు. అందుకే నడిపేటోడు 'ఈ ఒక్క మడి ఒడగొట్టి ఆపుదం తీ' అనుకుంటడు. ఆ మడి ఒడిసేసరికి రేడియేటర్ నుంచి పొగలు లేస్తయి. ఎందుకంటే బెల్టు తోని ఫ్యాన్ ఒక్కటే ఆగలేదు, వాటర్ పంపు గూడ ఆగింది. ఇంజన్ల ఉన్న నీళ్లు కదలకుంట ఒక్కకాడనే ఉండి, సిలిండర్ హెడ్డు చుట్టు మసలుతుంటయి. నీళ్లు తగ్గి మీటర్ బల్బుకు తాకకపోతే సూది గూడ ఉన్నది ఉన్నట్టు చూపియ్యది. ఇగ హెడ్ గ్యాస్కెట్ కాలుతది, హెడ్డు వంకర పోతది, ఇంక ముదిరితే పగుల్తది. బెల్టు ఖర్చు వందలల్ల ఉంటది. హెడ్డు దించినవంటే వేలల్ల ఖర్చు, మీదికెల్లి నాట్లు పాయె.

అందుకే అన్నిటికంటే ముందు ఒక్కటే మాట. ఎర్రలైటు ఎలిగి, సూది మీదికి పోతున్నదంటే మడి మధ్యల ఉన్నా సరే, స్టాప్ గుంజు. గట్టుదాక తీస్కపోదం అని చూడకు. రేడియేటర్ మూత ఉరికిచ్చి తియ్యకు, అందులో నీళ్లు ప్రెషర్ మీద ఉంటయి, మూత తిప్పంగనే మొకం మీదికి చిమ్ముతయి. బాయి నీళ్లు తెచ్చి కాలుతున్న ఇంజన్ల పోసుడు ఇంకో తప్పు, వేడి ఇనుము మీద సల్లటి నీళ్లు పడితే పగులుడే ఉంటది. గంటసేపు చెట్టు కింద కూసో. ఆ గంటల బెల్టు ముచ్చట చూసుకుందాం.

మా ఇంట్ల ఉన్నది హెచ్ఎంటీ ట్రాక్టర్. హెచ్ఎంటీ అంటే గిప్పటి పిల్లలకు సన్న బియ్యమే యాదికొస్తయి గాని, ఆ బియ్యానికి గూడ పేరు హెచ్ఎంటీ గడియారం నుంచే వచ్చింది. మహారాష్ట్ర చంద్రాపూర్ జిల్లాల దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు ఆ వడ్లను ఎంచి తీసిండు, అప్పట్ల అందరి చేతికి ఉన్న గడియారం పేరు పెట్టిండు. ఆ సర్కారు కంపెనీయే 1971ల హర్యానా పింజోర్ కాడ ట్రాక్టర్లు చేసుడు షురూ చేసింది, అప్పటి చెకోస్లొవేకియా జీటార్ కంపెనీ తోటి కలిసి. 2016 అక్టోబరుల కేంద్ర క్యాబినెట్ ఆ ట్రాక్టర్ల విభాగాన్ని బంద్ పెట్టనీకి ఒప్పుకున్నది. కంపెనీ పాయె, బండ్లు మాత్రం ఊర్లల్ల ఇంక దున్నుతనే ఉన్నయి.

ఒకపారి మా బండి బెల్టు తెగితే టౌనుకు పోయి, ఒక పెద్ద ట్రాక్టర్ పార్టుల దుకాణంల అడిగిన. కౌంటర్ మీదున్న పిలగాడు సెల్లు నుంచి నెత్తి లేపకుంటనే 'అన్నా, గా మాడల్ బందయింది, పార్టు రాదు' అన్నడు. పక్క కుర్చీల కూసున్న ఆయన ఇంకో అడుగు ముంగటికి పోయి 'ఇంకెన్నాళ్లు తిప్పుతరే దాన్ని, ఎక్స్చేంజ్ ఆఫర్ ఉన్నది, కొత్తది తీస్కోరాదు' అన్నడు. ఒక రబ్బరు బెల్టు కోసం పోయినోనికి లక్షల అప్పు చూపెట్టిండన్నట్టు. నేను తిరిగి వస్తుంటే బస్టాండ్ ఎనుక గల్లీల బేరింగులు, బెల్టులు అమ్మే చిన్న దుకాణం కనిపిచ్చింది. గిర్నీలకు, రైస్ మిల్లులకు, కంప్రెసర్లకు సామాన్లు అమ్మేటాయన. తెగిన బెల్టు ఆయన చేతుల పెట్టిన. ఏ బండిదని గూడ అడగలే. అరచేతి మీద దాని వెడల్పు చూసిండు, గోడకు ఏలాడేసిన బెల్టులల్ల నుంచి ఒకటి తీసి టేబుల్ మీద పెట్టిండు. అయిదు నిమిషాల పని.

ఆ ముసలాయనకు తెలిసి ఆ పిలగానికి తెల్వనిది ఒక్కటే. బెల్టుకు ట్రాక్టర్ పేరు తోటి పని లేదు, దానికి రెండు కొలతలు చాలు. వెడల్పు ఎంత, పొడుగు ఎంత. వీ బెల్టుల కొలతలు అన్ని కంపెనీలకు కలిపి ఒక లెక్క ప్రకారం ఉంటయి. మన దేశంల మిల్లులకు, మోటర్లకు వాడే వీ బెల్టులకు ఐఎస్ 2494 అని స్టాండర్డే ఉన్నది. ఫెన్నర్ చేసినా, నాగ్‌పూర్ల పిక్స్ చేసినా, అదే సైజు బెల్టు అదే గాడిల కూసుంటది. బండి చేసిన కంపెనీ బతికున్నా సచ్చినా బెల్టుకు ఫరక్ పడది.

బెల్టు మీద రాత చదువుడు

పాత బెల్టు వీపు మీద మసి తుడిచి చూస్తే రాత ఉంటది. ఒక ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన నంబరు. ఏ-43 అంటే ఏ సైజు వెడల్పు, లోపటి చుట్టు కొలత 43 అంగుళాలు. అక్షరం వెడల్పును చెప్తది. ఏ అంటే మీది వెడల్పు 13 మిల్లీమీటర్లు, మందం 8. బి అంటే 17 వెడల్పు, 11 మందం. సి అంటే 22 వెడల్పు, 14 మందం, అది పెద్ద మిషన్లకు. నంబరేమో అంగుళాలల్ల లోపటి పొడుగు.

బండ్ల కోసమే చేసే బెల్టులకు రాత ఇంకో తీరుగ ఉంటది. ఏవీఎక్స్ 10 అని రాసి, గుణకారం గుర్తు పెట్టి 1025, దాని ఎనుక ఎల్ఏ అని ఉంటే, వెడల్పు 10 మిల్లీమీటర్లు, బయటి చుట్టు కొలత 1025 మిల్లీమీటర్లు అన్నట్టు. ఎల్ఏ అంటే బయటి పొడుగు, ఎల్ఐ అంటే లోపటి పొడుగు. మస్తు మంది తప్పు చేసేది ఈడనే. లోపటి కొలతను బయటిదనుకొని తెస్తే, ఏ సైజు బెల్టు రెండంగుళాలు తేడా వస్తది, బి సైజుకు దగ్గర దగ్గర రెండు ముప్పావు అంగుళాలు. తెచ్చినంక ఎక్కది, లేకుంటే ఎక్కినా బిగువు రాదు. మల్ల బస్సు ఎక్కుడే. పండ్లు పండ్లుగ కోసి ఉన్న బెల్టు చూసి టైమింగ్ బెల్టు అనుకోకు, ఆ పండ్లు వంగనీకి, సల్లవడనీకి పెట్టినయి. చిన్న పుల్లీలకు అది మంచిదే.

రాత చెరిగిపోతేనో, తెగిన ముక్క యాడనో మడి బురదల కలిసిపోతేనో ఏం చేస్తం? పుల్లీలనే అడుగుతం. ముందు పుల్లీ గాడి మూతికాడ, అంటే అంచు నుంచి అంచుకు ఎంత వెడల్పు ఉన్నదో స్కేలు పెట్టి చూడు. 13కు అటీటు ఉంటే ఏ, 17 దగ్గర ఉంటే బి. పాత బెల్టు ముక్క దొరికినా దాని వెడల్పును పూర్తిగ నమ్మకు, అరిగి అరిగి బి బెల్టు గూడ ఏ లెక్క సన్నగయితది.

పొడుగుకు నైలాన్ తాడు వద్దు, అది సాగుతది. సెంట్రింగ్ పనుల వాడే బైండింగ్ వైరు తీస్కో. డైనమో బోల్టులు లూజు చేసి, దాన్ని ఇంజన్ దిక్కు పూర్తిగ నెట్టు. వైరును మూడు పుల్లీల మీదికెల్లి, గాడి లోపటికి దిగకుంట అంచుల మీద ఆనేటట్టు చుట్టి, కలిసిన కాడ మెలి పెట్టు. దించి కొలువు. మల్ల డైనమోను బయటికి పూర్తిగ గుంజి ఇంకోసారి కొలువు. మాట వరుసకు ఒకటి 44 అంగుళాలు, ఇంకొకటి 47 అంగుళాలు వచ్చిందనుకో. ఇది బయటి కొలత. ఏ సైజు అయితే రెండు తీసెయ్, లోపటి కొలత 42 నుంచి 45 నడుమ. గీ నాలుగు నంబర్లల్ల ఏది తేవాలె? 42 అయితే పుల్లీ అంచు దాటి ఎక్కది. 45 అయితే మొదటి రోజే డైనమో ఆఖరుకు వచ్చి ఆగుతది, రేపు బెల్టు సాగితే బిగిచ్చే జాగ ఉండది. 43 తే. సులువుగ ఎక్కుతది, ముంగట రెండంగుళాల జాగ మిగులుతది.

తెగిన బెల్టును పరిచి కొలిచినా నడుస్తది గాని, అది సాగి సాగి ఉంటదని యాది పెట్టుకో. కొలతకు జర తక్కువ నంబరే తీస్కోవాలె.

దుకాణంల బెల్టును ఊకనే కాయితంల చుట్టి ఇస్తే తీస్కోకు. చేతుల పట్టుకొని ఎనుకకు వంచి చూడు. ఎండ తగిలే గోడకు మొల మీద ఏండ్ల కొద్ది ఏలాడిన బెల్టుకు లోపటి దిక్కు సన్న పగుళ్లు కనిపిస్తయి. చుట్టు వేలు పెట్టి రాసుకుంట పో, యాడ గడ్డ తగలొద్దు. కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరు అచ్చయి ఉండాలె. బొటనవేలుతోటి రుద్దితే ఊడొచ్చే రాత ఉన్నదంటే డూప్లికేట్ అనుకో. పైసలు కలిసొస్తే రెండు తీస్కో, ఒకటి ఇంట్ల చీకటి జాగల పెట్టు. టూల్ బాక్సుల పానాలు, గ్రీజు, డీజిల్ గుడ్డల నడుమ పడేస్తే వాడకముందే ఖరాబయితది. నీ బండికి జంట బెల్టులు ఉంటే, ఒకటి తెగినా రెండు కలిపే మార్చాలె. పాతది సాగి ఉంటది, మోతంత కొత్తదాని మీదనే పడి అది గూడ తొందరగ పోతది.

బాపు కాలపు బెల్టు వేరే

మా బాపు తోటి ఈ బెల్టు మీద లొల్లి అయింది. తెగిన బెల్టును కుట్టరాదా అన్నడు. ఆయన అన్నది ఒట్టి మాట గాదు. ఎనుకట ట్రాక్టర్ పక్క పుల్లీకి బల్లపరుపు పట్ట ఏసి పిండి గిర్ని, వడ్ల మిషన్ తిప్పెటోళ్లు. ఆ పట్ట తెగితే కోసి, ఇనుప క్లిప్పులు కొట్టి అతికెటోళ్లు. జారితే గుగ్గిలం పొడి సల్లెటోళ్లు. వీ బెల్టుకు గీ రెండు పనికిరావు. దాని బలమంత లోపట చుట్టూత పోయే దారాలల్ల ఉంటది, మీద రబ్బరు ఒట్టి తొడుగు. దారం తెగితే ఒడిసింది.

ఇంకోటి, ఈ బెల్టు పట్టుకునేది అడుగుతోటి గాదు, రెండు పక్కలతోటి. గొడ్డలి కామకు సీల కొడితే బిగుసుకున్నట్టు, బెల్టు గాడిల ఇరుక్కొని పుల్లీని తిప్పుతది. అందుకే కొత్త బెల్టు మీది భాగం పుల్లీ అంచుకు సమానంగ ఉండాలె. లోపటికి దిగి గాడి అడుగుకు తాకిందంటే పట్టు పోతది. నీ పుల్లీ గాడి అడుగు అద్దం లెక్క మెరుస్తున్నదా? అయితే ఇన్నాళ్లు బెల్టు అడుగున రాసుకుంట తిరిగిందన్నట్టు. బెల్టు వెడల్పన్న తప్పు ఉండాలె, పుల్లీ గోడలన్న అరిగి ఉండాలె. అరిగిన పుల్లీకి ఎన్ని కొత్త బెల్టులు ఏసినా పైసలు దండుగ.

ఈ ముచ్చట మీద జర ఆగుదాం. బెల్టు తెగంగనే కొత్తది ఏసి పోతరు గాని, ఎందుకు తెగిందని చూసేటోళ్లు తక్కువ. బెల్టు లేకుంట పుల్లీలు ఖాళీగ ఉన్నప్పుడే అది తెలుస్తది. వాటర్ పంపు పుల్లీని చేతితోటి తిప్పు. గరగర సప్పుడు వస్తే, అటీటు ఊగితే బేరింగ్ పోయినట్టు. పంపు కింద నీటి చుక్కల మరక ఉంటే సీల్ పోయినట్టు. డైనమోను గూడ గట్లనే తిప్పి చూడు. అడ్డం పడ్డ బేరింగ్ మీద కొత్త బెల్టు పొద్దుమూకే దాక ఉండది. కింది పుల్లీ ఎనుక నుంచి ఆయిల్ కారి బెల్టుకు అంటుతున్నదా? నూనె తాగిన రబ్బరు ఉబ్బి మెత్తవడ్తది. ముందు సీల్ మార్పియ్యి. ఒక సీదా కట్టెను మూడు పుల్లీల మొకాలకు ఆనిచ్చి పట్టు, మూడు ఒక్క వరుసల ఉన్నయా చూడు. డైనమో విప్పి పెట్టినప్పుడు నడుమల వాచర్ మరిచిపోయి, అది ఒక పక్కకు జరిగిన బండ్లు మస్తు ఉన్నయి. అసోంటి బండ్లకు బెల్టు ఒక్క పక్కనే అరుగుతది, తిరగబడుతది గూడ. గాడిలల్ల ఎండిన బురద, గడ్డి పరకలు గోకి తియ్యి. కొట్టంల నిలిపిన బండి అయితే ఎలుకలు కొరికినయేమో అని గూడ చూడు, నవ్వుడు కాదు.

ఎక్కిచ్చుడు

తాళం చెవి తీసి జేబుల ఏసుకో. స్టాప్ గుంజి పెట్టు. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్, చక్రాలకు రాళ్లు. అటెన్క బ్యాటరీ నుంచి చాసిస్‌కు పోయే వైరు, ఎర్త్ వైరు ఊడదియ్యి. ఎందుకంటే డైనమో కాడ పానా తిప్పేటప్పుడు అది తీగకు, ఇంజన్‌కు ఒక్కపారి తాకిందంటే మంటలే. ఇంకో భయం గూడ ఉన్నది. మనం ఫ్యాన్ నడుమ చేతులు పెట్టినప్పుడు చిన్న పిలగాడు సీటెక్కి సెల్ఫ్ కొడితే? ఊర్ల బండి చుట్టు పిల్లలు ఉంటనే ఉంటరు.

డైనమోకు కింద తిరిగే బోల్టులు ఉంటయి, మీద పొడుగు గాడి ఉన్న పట్టికి ఒక బోల్టు. మూడింటిని లూజు చేస్తే చాలు, పూర్తిగ ఊడదీసే పని లేదు. కింది బోల్టు లూజు చేయకుంట మీదిది ఒక్కటే విప్పి బలంగ నెడితే డైనమో చెవి ఇరుగుతది. పాత పోత ఇనుము అది, వెల్డింగ్ గూడ సరిగ పట్టది. తుప్పు పట్టి కదలకుంటే డీజిల్ చుక్కలు ఏసి పది నిమిషాలు ఆగు.

డైనమోను ఇంజన్ దిక్కు నెట్టి, కొత్త బెల్టును రేడియేటర్‌కు ఫ్యాన్‌కు నడుమకెల్లి దించు. ఒక్కొక్క రెక్క దాటిచ్చుకుంట ఫ్యాన్‌ను చేతితోటి తిప్పు. రేడియేటర్ పల్చటి రేకులకు తగలకుంట ఒక అట్టముక్క అడ్డం పెట్టుకుంటే మంచిది. కొన్ని బండ్లకు ఆ సందు మరీ ఇరుకు, ఫ్యాన్ బోల్టులు విప్పి కొంచెం ముంగటికి గుంజాల్సి వస్తది. బెల్టు లోపటికి వచ్చినంక ముందు కింది పెద్ద పుల్లీకి, తర్వాత వాటర్ పంపు పుల్లీకి, ఆఖరుకు డైనమోకు ఎక్కియ్యి.

ఎక్కుతలేదా? చాన మంది ఇగ పెద్ద స్క్రూడ్రైవర్ తీస్తరు. అంచుల దూర్చి, బెల్టును గుంజి పుల్లీ మీదికి ఎక్కిస్తరు. అది ఎక్కుతది, నిజమే. లోపటి దారాలు ఒక్క పక్కన తెగి ఎక్కుతది. మనకు బయటికి ఏం కనబడది, పది రోజులకు బెల్టు మెలికలు తిరిగి పోతది, 'కంపెనీ బెల్టే గాని ఆగలే' అని కంపెనీని తిడతం. ఇంకొందరు ఒకలను సీటు మీద కూసోబెట్టి 'జర సెల్ఫ్ టచ్ చెయ్' అంటరు, బెల్టు తిరుగుకుంట ఎక్కాలని. ఏండ్లు పని చేసిన మిస్త్రీల చేతులు చూడు, వేలు కొసలు లేనోళ్లు అగుపడ్తరు. బెల్టుకు పుల్లీకి నడుమ వేలు పడ్డంక టచ్ చేసినోడు ఆపేలోపే అంత అయిపోతది. బెల్టు ఎక్కలేదంటే డైనమో ఇంక లోపటికి పోవాలె, లేకుంటే సైజు తప్పు. మూడో కారణం ఉండది.

బిగిచ్చుడుల అందరు చేసే తప్పు ఎక్కువ బిగిచ్చుడు. లూజుగ ఉంటే జారుతదని భయం. నాలుగు గజాల పొడుగు గడ్డపార పెట్టి ఎక్కి కూసుంటరు. గట్ల వీణ తీగ లెక్క బిగిస్తే గుంజుడంత వాటర్ పంపు బేరింగ్, డైనమో బేరింగ్ మీద పడ్తది. బెల్టు మిగులుతది, పంపు పోతది. ఒక కట్టె కామను ఇంజన్‌కు డైనమోకు నడుమ పెట్టి, డైనమో ముంగటి చెవి కాడ ఆనిచ్చి మెల్లగ గుంజు. నడుమ డబ్బా మీద ఆనియ్యకు, సొట్ట పడ్తది. ఒక చేతితోటి గుంజి పట్టుకొని ఇంకో చేతితోటి పట్టి బోల్టు బిగియ్యి, అటెన్క కింది బోల్టులు.

ఇగ కొలత. రెండు పుల్లీల నడుమ బెల్టు ఎక్కువ పొడుగున్న కాడ, సరిగ్గ మధ్యల బొటనవేలుతోటి గట్టిగ ఒత్తు. అర అంగుళం దాక లోపటికి పోవాలె, 10 నుంచి 15 మిల్లీమీటర్లు. నీ బండి పుస్తకంల వేరే అంకె ఉంటే అదే ఖరారు. అంగుళం దిగితే లూజు, వేలుకు కదలనే లేదంటే టైట్.

ఎర్త్ వైరు పెట్టి, రేడియేటర్ల నీళ్లు చూసి స్టార్ట్ చెయ్. ఎర్రలైటు ఆరిపోవాలె. రేస్ ఇచ్చినప్పుడు కీచుమనొద్దు. పావుగంట నడిపిచ్చి ఆపు, మల్ల వేలు పెట్టి ఒత్తు. కొత్త బెల్టు గాడిల సర్దుకుంటది, మొదటి రోజే కొంత లూజు అయితది. పొద్దుమూకినంక ఇంకోసారి బిగియ్యాలె. ఆ పని చేయకుండ వదిలిన బెల్టు జారుకుంట, వేడెక్కి, పక్కలు నున్నగ మెరిసిపోతయి. గట్ల మెరిసిన బెల్టు ఇగ ఎంత బిగిచ్చినా పట్టది. సప్పుడు వస్తున్నదని కొందరు దాని మీద గ్రీజు రాస్తరు, ఆయిల్ పోస్తరు, కొవ్వొత్తి రుద్దుతరు. సప్పుడు ఒక పూట ఆగుతది. పట్టు గూడ ఆగుతది.

పాన పట్టుడు ఎవలి హక్కు

ఇగ జర రాజకీయం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైల 'రైట్ టు రిపేర్' అని, మన సామాను మనం బాగు చేసుకునే హక్కు మీద ఒక కమిటీ ఏసింది. మొదట చూస్తమన్న నాలుగు రంగాలల్ల వ్యవసాయ పనిముట్లు ఉన్నయి. మిగిలినయి సెల్లులు ట్యాబ్లెట్లు, ఇంట్ల వాడే మిషన్లు, మోటరు బండ్లు. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినం నాడు దానికొక పోర్టల్ గూడ తెరిచిన్రు. అమెరికాల కొలరాడో రాష్ట్రం 2023ల చట్టమే చేసింది, ట్రాక్టర్ కంపెనీలు రైతుకు పార్టులు, పనిముట్లు, పుస్తకాలు ఇయ్యాలె అని. 2024 జనవరి నుంచి అమలు. ఆడ లొల్లి కంప్యూటర్ తాళాల మీద. మిషన్ల ఏదన్న చెడితే కంపెనీ మనిషి ల్యాప్‌టాప్ తెచ్చి తీస్తేనే తీసినట్టు.

మన పాత బండ్లకు గా తాళాలు లేవు. పానా, వైరు ముక్క, కొలత టేపు చాలు. అయినా బెల్టు సైజు రాసిన పుస్తకం తెలుగుల యాడ దొరుకుతది? బండి అమ్మేటప్పుడు ఫైనాన్స్ కాయితం మీద సంతకం యాడ పెట్టాల్నో తెలుగుల మంచిగ చెప్తరు. ఏ బోల్టుకు ఏ పానా, ఏ బెల్టుకు ఏ నంబరు అన్నది గూడ గట్లనే తెలుగుల, ప్రతి బండి తోటి రావాలె. ఇదేమన్న పెద్ద కోరికనా? పార్టు నంబరు దాచిపెట్టి, సైజు చెప్పకుంట 'మా కాడనే కొనాలె' అనేటోళ్లను పోర్టల్ ఉన్నది గదా అని అడగాలె. ఐటీఐల డీజిల్ మెకానిక్ చదివిన పిల్లలు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉన్నరు, పట్నంల డెలివరీ బ్యాగు ఏసుకొని తిరుగుతున్నరు. నాట్ల నెలల, కోతల నెలల ఊర్ల వాళ్లకు పని లేదా అంటే మస్తుగ ఉన్నది. పార్టులు, పుస్తకాలు చేతికి రాకపోవుడే అడ్డం.

గంట అయింది, ఇంజన్ సల్లవడి ఉంటది. బెల్టు ఎక్కిచ్చి మడిలకు దిగే ముందు ఒక పని. బానెట్ లోపటి దిక్కు గుడ్డతోటి తుడిచి, తెల్ల పెయింటు తోనో మార్కర్ తోనో రాయి: ఏ-43, మార్చిన తారీకు, గంటల మీటర్ మీద ఉన్న అంకె. మా బండి బానెట్ కింద గిప్పుడు మూడు తారీకులు ఉన్నయి. మొదటిది నా చేతిరాత, రెండోది మా తమ్మునిది. మూడోది బాపుది, ఏ అక్షరం జర వంకరగ ఉన్నది గాని నంబరు సక్కగనే ఉన్నది.